మీకు తెలుసా? ముద్ర సర్కారుది, కవరు మనది

శుభలేఖలు ప్రెస్సు నుంచి ఇంటికి రాగానే మొదట జరిగే పని పసుపు కలపడం. చిన్న గిన్నెలో చిటికెడు పసుపు, రెండు చుక్కల నీళ్లు. వేలి కొన ముంచి కార్డుకు నాలుగు మూలలా అద్దాలి. పసుపు పలచనైతే కాగితం మీద పాకుతుంది. ముద్దగా ఉంటే ఎండాక పెచ్చులూడి కవరంతా పొడి రాలుతుంది. కార్డులన్నీ అయ్యేసరికి ఆ పనికి కూర్చోబెట్టిన పిల్లల గోళ్లు నాలుగు రోజుల దాకా పచ్చగానే ఉంటాయి.

రబ్బరు స్టాంపుతో, ఇంకుతో కవర్లనూ కార్డులనూ ముస్తాబు చేసేవాళ్ల పని కూడా ఇదే. తడి రంగు, కాస్త ఒత్తిడి, కాగితం, అంతే. తేడా ఏమిటంటే పసుపు మొదటినుంచీ ఇంటిది. రబ్బరు స్టాంపు పుట్టింది గుమాస్తా చేతి కోసం: 'చెల్లించబడినది', 'నకలు', 'తిరస్కరించడమైనది'. ఆఫీసు బల్ల మీది ఆ సామానును జనం లాక్కుని ఆటవస్తువుగా చేసుకోవడమే దాని చరిత్రలో ఆసక్తికరమైన భాగమని నా లెక్క. వరస పెట్టకుండా ఆ సంగతులు కొన్ని.

ఫిర్యాదుల దెబ్బకు పుట్టిన ముద్ర

1661లో ఇంగ్లండు తపాలా వ్యవహారాలు చూసే పోస్ట్‌మాస్టర్ జనరల్ పేరు హెన్రీ బిషప్. ఉత్తరాలు ఎక్కడో ఆగిపోతున్నాయని జనం గోల పెడుతుంటే ఆయన ఒక చిన్న గుండ్రటి ముద్ర తయారు చేయించాడు. వృత్తానికి అడ్డంగా గీత, ఒక సగంలో నెల, ఇంకో సగంలో తేదీ. సంవత్సరం లేదు. ఏ రోజు ఉత్తరం తపాలావాళ్ల చేతికొచ్చిందో దాని మీదే కనిపిస్తుంది కాబట్టి ఇక ఏ బంట్రోతూ దాన్ని దాచుకునే సాహసం చేయడని ఆయన ధీమా. తపాలా ముద్రలన్నిటికీ తాత అదే. దాన్ని అందం కోసం ఎవరూ చేయలేదు.

సర్కారు గీసిన బొమ్మకు జనం నవ్వారు

1840 మే నెలలో బ్రిటిష్ తపాలా శాఖ రెండు కొత్త సరుకులు బయటపెట్టింది. ఒకటి అందరికీ తెలిసిన పెన్నీ బ్లాక్, ప్రపంచంలో మొదటి అంటించే తపాలా బిళ్ల. రెండోది తపాలా ఖర్చు ముందే కలిపి అమ్మిన బొమ్మల కవరు. బొమ్మ గీసింది విలియం మల్రెడీ అనే పేరున్న చిత్రకారుడు. తపాలా సంస్కరణల సూత్రధారి రోలండ్ హిల్‌కు బిళ్ల మీద కంటే ఈ కవరు మీదే నమ్మకం ఎక్కువ. జనం ఎగబడి కొంటారనుకున్నాడు.

బొమ్మలో లోటేమీ లేదు. నిజానికి లేనిదంటూ లేదు. నడుమ సింహంతో సహా బ్రిటానియా దేవత, ఆమె చేతులు చాచితే నలుదిక్కులకూ ఎగిరే రెక్కల దూతలు, ఏనుగులు, ఒంటెలు, కింద రెండు పక్కలా ఉత్తరాలు చదువుకుంటున్న కుటుంబాలు. ఇంతమంది మధ్యలో చిరునామా ఎక్కడో ఇరుక్కుని రాయాలి.

లండన్ పకపకా నవ్వింది. రోజుల్లోనే స్టేషనరీ దుకాణాలు మల్రెడీని వెక్కిరిస్తూ సొంత కవర్లు అచ్చేసి అమ్మడం మొదలుపెట్టాయి. సర్కారు కవరు మూలనపడింది, ఎగతాళి కవర్లకు మాత్రం గిరాకీ వచ్చింది. మిగిలిపోయిన నిల్వలను నాశనం చేయడానికి చివరికి ప్రత్యేకంగా ఒక యంత్రమే చేయించాల్సి వచ్చింది. కవరు మీద బొమ్మ ఉండటం జనానికి ఇష్టం లేక కాదు, దాన్ని పైవాడు గీసి ఇవ్వడమే నచ్చలేదు.

తనకు తానే రాసుకున్న కార్డు

అదే 1840లో లండన్‌లోని ఫుల్హమ్‌లో ఉండే థియొడోర్ హుక్ అనే రచయితకు చేత్తో గీసిన బొమ్మకార్డు ఒకటి వచ్చింది. పెన్నీ బ్లాక్ అంటించి ఉంది. పంపింది మాత్రం హుక్ గారే అని పరిశోధకుల అభిప్రాయం. బొమ్మలో పెద్ద సిరాబుడ్డి చుట్టూ కూర్చున్న తపాలా గుమాస్తాలు ఉన్నారు. అంటే పోస్టాఫీసును వెక్కిరించే కార్డును పోస్టాఫీసు చేతే మోయించాడన్నమాట. ప్రపంచంలో మొదటి బొమ్మల పోస్టుకార్డుగా పేరుపడ్డ ఆ కార్డు 2002లో వేలంలో 31,750 పౌండ్లకు పోయింది.

హుక్ మామూలు మనిషి కాదు. 1810లో బెర్నర్స్ వీధిలోని ఒకావిడ పేరు మీద వేల ఉత్తరాలు రాసి, ఊళ్లో ఉన్న బొగ్గువాళ్లూ, కేకులవాళ్లూ, వైద్యులూ అంతా ఒకే రోజు ఆ ఇంటి ముందుకు వచ్చేట్టు చేశాడు. ఆకతాయితనానికి తపాలా ఎంత పనికొస్తుందో ఆయనకు అప్పటికే తెలుసు.

అధికారికంగా బొమ్మ లేని, మామూలు పోస్టుకార్డు రావడానికి మాత్రం ఇంకో 29 ఏళ్లు పట్టింది. 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో అది మొదలైంది. మన దేశంలోకి 1879 జూలై 1న, పావు అణాకు వచ్చింది.

ఎరుపు, నలుపు తారుమారు

పెన్నీ బ్లాక్ నల్లటిది. దాని మీద కొట్టే రద్దు ముద్ర ఎర్ర ఇంకుది. నలుపు మీద ఎరుపు సరిగ్గా కనిపించదు. పైగా ఆ ఇంకును కడిగేసి బిళ్లను మళ్లీ వాడుకునే ఘనులు బయల్దేరారు. 1841లో శాఖ రంగులు తిరగేసింది, బిళ్ల ఎరుపు, ముద్ర నలుపు. పెన్నీ బ్లాక్ ఏడాది తిరక్కుండానే ఆగిపోవడానికి ఒక ఇంకు కారణం.

పంటి డాక్టరు కుండలో పుట్టిన స్టాంపు

రబ్బరు చెట్టు పాలతో చేసిన పచ్చి రబ్బరుకు ఎండ పడదు, చలీ పడదు. వేడికి జిగురై చేతికి అంటుకుంటుంది, చలికి బిరుసెక్కి పగిలిపోతుంది. చాలాకాలం దానికున్న గొప్ప ఉపయోగం పెన్సిలు గీతలు చెరపడమే. ఆ సంగతి 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ రాసిపెట్టాడు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరు వేడికి కరగకుండా గట్టిపడటం గమనించాడు. 1844లో పేటెంటు వచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. 1860లో అప్పులతోనే పోయాడు. టైర్ల మీద కనిపించే గుడ్‌ఇయర్ కంపెనీ 1898లో వేరేవాళ్లు పెట్టుకున్నది. పేరే ఆయనది, ఆదాయం కాదు.

ఇక్కడ కథలోకి పంటి డాక్టర్లు వస్తారు. గంధకం పాలు పెంచితే రబ్బరు కొమ్ములా గట్టిపడుతుంది. దాంతో కట్టుడుపళ్లకు చిగుళ్లు చేసేవాళ్లు. అందుకని ఆ రోజుల్లో అమెరికా పంటి డాక్టర్ల దగ్గర రబ్బరును ఆవిరిలో ఉడికించే చిన్న లోహపు కుండ ఒకటి ఉండేది. అక్షరాల అచ్చులో మెత్తటి రబ్బరు నొక్కి, ఆ కుండలోనే ఉడికిస్తే స్టాంపు తయారు. 1860ల నడుమ మొదటి రబ్బరు స్టాంపులు అలాగే వచ్చాయి. ముందు చేసింది నేనంటే నేనని కొట్లాడినవాళ్లలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ ఊరి జేమ్స్ వుడ్రఫ్ ఒకడు. ఆయన పనిముట్టు కూడా పంటి డాక్టరు కుండే.

అంతకుముందు ఇత్తడి, ఉక్కు, కర్ర ముద్రలు. గరుకు కాగితం మీద అవి సగం పడతాయి, సగం పడవు. రబ్బరు కాగితానికి తగ్గట్టు ఒదుగుతుంది. ఇంత చిన్న గుణం వల్లే అది ప్రతి బల్ల మీదికీ ఎక్కింది. తపాలా శాఖ మాత్రం తేదీ ముద్రకు ఇప్పటికీ చాలాచోట్ల లోహాన్నే నమ్ముకుంది. రోజూ వందలసార్లు దబదబా కొడితే రబ్బరు ఎన్నాళ్లని తట్టుకుంటుంది!

'ఇచ్చట రబ్బరు స్టాంపులు చేయబడును'

ఈ బోర్డు లేని కలెక్టరాఫీసు వీధి మన జిల్లాల్లో కనిపించదు. లోపల జరిగే పని మాత్రం మారిపోయింది. ఒకప్పుడు సీసపు అక్షరాలు పేర్చి, వాటినుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో రబ్బరు పెట్టి వేడి చేసేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్లో అక్షరాలు కొట్టి ఫిల్ము తీస్తారు. తేనెలా చిక్కగా ఉండే ఒక ద్రవాన్ని గాజు పలకల మధ్య పోసి, ఫిల్ము గుండా అతినీలలోహిత కాంతి పంపిస్తారు. కాంతి తగిలినచోట గట్టిపడుతుంది, తగలనిచోట బ్రష్షుతో కడిగితే పోతుంది. అంటే మనం రబ్బరు స్టాంపు అంటున్న చాలావాటిలో రబ్బరు లేదు, పాలిమరే. కొన్ని షాపుల్లో ఇప్పుడు లేజరే రబ్బరును కాల్చి చెక్కేస్తోంది.

పేరూ హోదాయే చేయించుకోవాలని ఎక్కడా లేదు. తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో గీసిన పిచ్చుకను ఇచ్చినా చేసిస్తారు. గీతలు మరీ సన్నగా ఉండకూడదు, దగ్గరదగ్గరగా ఉన్న గీతల మధ్య ఇంకు పూడుకుపోతుంది. పిచ్చుకకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తహసీల్దారు ముద్ర చేయమంటే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకునే షాపువాడు కాగితాలు అడుగుతాడు.

అద్దంలో చూడాల్సిన అక్షరాలు

స్టాంపు మీద అన్నీ తిరగేసి ఉండాలి. తెలుగులో చెక్కబోయిన ప్రతివాడికీ మొదట తగిలే దెబ్బ ఇది. తలకట్టు ఎటు వంగాలో, కొమ్ము ఎటు తిరగాలో చేతికి అలవాటైన దారి అడ్డొస్తుంది. ఒక్క సున్నతోనే పేచీ లేదు.

ఈ తిరగేత గుణంతో మన ఎన్నికల్లో ఒక పని జరుగుతోంది. బ్యాలెట్ కాగితంతో జరిగే పంచాయతీ ఎన్నికల్లో ఓటరు చేతికి స్వస్తిక్ ఆకారపు ముద్ర ఇస్తారు. ఎందుకు అదే? కాగితం మడిచినప్పుడు తడి ఇంకు ఎదుటి సగానికి కూడా అంటుకుని, ఇంకో గుర్తు మీద ముద్ర పడినట్టు కనిపించవచ్చు. గుండ్రటి ముద్రో ఇంటూ గుర్తో అయితే ఏది అసలు, ఏది అంటుకున్నది అని తేల్చలేం. స్వస్తిక్ చేతులు ఒక వైపుకే తిరిగి ఉంటాయి. అంటుకున్న దానిలో అవి అపసవ్యంగా కనిపిస్తాయి. లెక్కింపు బల్ల దగ్గర గొడవ అక్కడితో సరి.

పెడనలో కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవాళ్లకు ఈ తిరగేత పుట్టినప్పటినుంచి వచ్చిన విద్య. పూలతీగ కుడికి పాకాలంటే కర్ర మీద ఎడమకు పాకించాలి. గీతల అచ్చు వేరు, లోపల రంగు నింపే అచ్చు వేరు, ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. కార్డు మీద రెండు రంగుల ముద్ర కొట్టాలనుకునేవాళ్లు వెళ్లి ఒక పూట అక్కడ నిలబడితే పుస్తకాలు అక్కర్లేదు.

అరగంట, ఒక ఎరేజరు, ఒక బ్లేడు

షాపుదాకా పోనక్కర్లేదు కూడా. తెల్లటి మెత్తటి ప్లాస్టిక్ ఎరేజరు తీసుకోండి. పొడి రాలే పాత రకం రబ్బరు వద్దు, గీతల దగ్గర చిట్లిపోతుంది. బటర్ పేపరు మీద మెత్తటి పెన్సిలుతో బొమ్మ గీయండి. దాన్ని బోర్లా పెట్టి వేలి గోటితో రుద్దితే పెన్సిలు గీత ఎరేజరు మీదికి దిగుతుంది. బోర్లించడంతో బొమ్మ దానంతటదే తిరగబడింది, ఆ తిప్పలు తప్పాయి.

ఇప్పుడు అసలు మెలకువ. బ్లేడును నిటారుగా దించకూడదు, గీత వైపుకు వంచి లోపలికి కోయకూడదు. గీత నుంచి బయటికి ఏటవాలుగా కోయాలి. అప్పుడు మిగిలే గీత పైన సన్నగా, అడుగున వెడల్పుగా నిలబడుతుంది. అడుగు తొలిచేస్తే ముద్ర కొట్టేటప్పుడు ఆ గీత ఒత్తిడికి పక్కకు ఒరిగి, బొమ్మ అలుక్కుపోతుంది. వంపులు వచ్చినప్పుడు బ్లేడు తిప్పొద్దు, ఎరేజరును తిప్పండి. చుట్టూ ఖాళీచోట తీసేశాక కూడా సన్నటి గట్లు కొన్ని మిగిలి, బొమ్మ చుట్టూ చెదురుమదురు గీతల్లా పడతాయి. కొందరు వాటిని శుభ్రంగా చెక్కేస్తారు. నాకు మాత్రం అవి ఉంటేనే చేత్తో చేసినదని తెలుస్తుందనిపిస్తుంది.

ఇంకు పెట్టడంలోనూ అందరూ తిరగేసి చేస్తారు. స్టాంపును ప్యాడ్‌లోకి కసిగా గుద్దితే సందుల్లోకి ఇంకు దిగి మచ్చలు పడతాయి. స్టాంపును వెల్లకిలా పట్టుకుని, ప్యాడ్‌నే దాని మీద తేలిగ్గా తట్టాలి. కార్డు కింద రెండు మూడు న్యూస్‌పేపర్లు పరిస్తే గట్టిబల్ల మీద కంటే ముద్ర సమంగా పడుతుంది.

బ్లేడు కూడా ఇవ్వకూడని వయసు పిల్లలకు బెండకాయ ఉంది. అడ్డంగా కోస్తే ఐదు గదుల పువ్వు సిద్ధం. కోసిన వెంటనే జిగురు గుడ్డతో తుడవాలి, లేకపోతే రంగు పట్టదు.

ప్యాడ్ ఎందుకు ఆరిపోదు?

మామూలు స్టాంపు ప్యాడ్ ఇంకులో గ్లిజరిన్ లాంటిది ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది కాబట్టి ప్యాడ్ నెలల తరబడి తడిగా ఉంటుంది. కాగితం మీద పడ్డ ఇంకు మాత్రం పీచుల్లోకి ఇంకి, అక్కడ ఆరినట్టు అవుతుంది. నున్నటి ఫొటో కార్డు మీద అదే ఇంకు ఎప్పటికీ ఆరక చేతికంటుకోవడానికి కారణం ఇదే, ఇంకడానికి దారి లేదు. మన పోస్టాఫీసులో అమ్మే పసుపుపచ్చ కార్డు ముక్క కాస్త గరుకుగా ఉంటుంది కాబట్టి స్టాంపులకు చక్కగా సరిపోతుంది. ప్యాడ్ ఎండిందని నీళ్లు పోసేవాళ్లను ప్రతి ఆఫీసులోనూ చూస్తాం. రంగు వెలిసిపోవడం తప్ప లాభం లేదు, ప్యాడ్ ఇంకే పోయాలి.

రంగు పొడిని కలిపిన పిగ్మెంట్ ఇంకులు వేరు. అవి కాగితం పైనే నిలుస్తాయి, ఆలస్యంగా ఆరతాయి, ఎండకు త్వరగా వెలవవు. ఆ ఆలస్యాన్నే వాడుకుని ఒక తమాషా చేస్తారు. తడి ముద్ర మీద సన్నటి రెజిన్ పొడి చల్లి, అంటనిదంతా దులిపేసి, కింద నుంచి వేడి చూపిస్తే పొడి కరిగి బొమ్మ ఉబ్బుతుంది. శుభలేఖల మీద వేలికి తగిలే బంగారు అక్షరాలు చాలావరకు ఈ పద్ధతిలో వచ్చినవే, ప్రెస్సులో యంత్రం చేస్తుంది, అంతే తేడా.

చైనా, జపాన్ వాళ్లు సంతకానికి బదులు కొట్టే ఎర్రముద్రల ఇంకు సంగతి ఇంకా బాగుంటుంది. పాత పద్ధతిలో అది ద్రవం కాదు, ముద్ద. అందులో ఇంగిలీకం, ఆముదం, ఒక మొక్క ఆకుల నుంచి తీసిన పీచు ఉంటాయి. ఆ మొక్క మన వినాయక చవితి పత్రిలో మొదట వినిపించే మాచిపత్రికి దగ్గరి చుట్టం.

వానాకాలంలో ఇంకు కారకుండా చిరునామా మీద, బొమ్మ మీద తెల్ల కొవ్వొత్తి రుద్దడం పాత చిట్కా. తపాలా బిళ్ల వైపు మాత్రం రుద్దకండి, పోస్టాఫీసు ముద్ర పట్టదు.

చిత్రకారుల చేతికి చిక్కాక

1919లో జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ ఆఫీసు స్టాంపులనే కాగితం మీద అటూఇటూ కొట్టి, వాటి మధ్య పెన్సిలు గీతలు కలిపి చిత్రాలు చేశాడు. గుమాస్తా సామాను గోడకెక్కడం అప్పటినుంచే అనుకోవచ్చు.

తపాలానే కళగా మార్చినవాడు అమెరికాకు చెందిన రే జాన్సన్. 1950ల నుంచి స్నేహితులకూ, ముఖపరిచయం లేనివాళ్లకూ బొమ్మలు, కత్తిరింపులు, కుందేలు తలలు, ముద్రలు కొట్టిన కాగితాలు పంపేవాడు. కొన్నిటి మీద 'దీనికి మీరూ ఏదైనా కలిపి ఫలానావారికి పంపండి' అని ఉండేది. 1970లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఈ వ్యవహారం మీద ప్రదర్శన పెట్టింది. గోడల నిండా ఉన్నవి జాన్సన్ చేసినవి కావు, ఇతరులు పంపినవి.

అన్నిటికంటే విచిత్రం ఓన్ కవారా చేసిన పని. జపాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ ఈ చిత్రకారుడు 1968 నుంచి రోజూ రెండు బొమ్మల పోస్టుకార్డులు ఇద్దరికి పంపేవాడు. వాటి మీద ఆ రోజు తాను నిద్ర లేచిన సమయం, తేదీ, తన పేరు, చిరునామా, అందుకునేవారి చిరునామా తప్ప ఇంకేమీ ఉండదు. క్షేమమా అని కూడా అడగడు. చేతిరాత ఒక్క అక్షరం లేదు, మొత్తం రబ్బరు స్టాంపే. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి బొమ్మ కార్డు, ఆ ఊరి తపాలా బిళ్ల. ఒక రోజు పొద్దున్నే, ఒక రోజు మిట్టమధ్యాహ్నం, లేచిన వేళ ఎప్పుడైనా సరే నిమిషాలతో సహా కొట్టేవాడు. 1979లో స్టాక్‌హోమ్‌లో ఆయన స్టాంపులున్న సంచిని ఎవరో కాజేశారు. కార్డులు అక్కడితో ఆగిపోయాయి. ఇంకో సెట్టు చేయించుకోవడం ఎంతసేపు? చేయించుకోలేదు. ఆ నిర్ణయమే నాకు మొత్తం వ్యవహారంలో గొప్పగా అనిపిస్తుంది.

ఇదంతా కులాసా కాలక్షేపమని కొట్టిపారేయనక్కర్లేదు. ఉరుగ్వేలో సైనిక పాలన మీద విమర్శలను తపాలాలో పంపినందుకు క్లెమెంటె పడీన్ అనే కవి 1977లో జైలుకు వెళ్లాడు. పోలండ్‌లో పావెల్ పెటాష్ లాంటివాళ్లు ఎరేజర్ల మీద సొంతంగా చెక్కుకున్న ముద్రలతో కార్డులు పంపారు. సర్కారు ముద్రల రాజ్యంలో సొంత ముద్ర ఉండటమే ఒక మాట.

రైలు దిగి ముద్ర కొట్టుకునే దేశం

జపాన్‌లో 1931లో ఫుకుయి రైల్వేస్టేషన్‌లో ప్రయాణికుల కోసం ఒక బొమ్మ స్టాంపు, పక్కన ఇంకు ప్యాడ్ పెట్టారు. డబ్బు అక్కర్లేదు, ఎవరి కాగితం వాళ్లు తెచ్చుకుని కొట్టుకోవచ్చు. ఇప్పుడు దేశమంతా స్టేషన్లలో ఇదే. ఆ ఊరి కోట, వంతెన, పండు, ఏదో ఒకటి ముద్రలో ఉంటుంది. అదే ఏడాది అక్కడి తపాలా శాఖ కూడా ఊరి దృశ్యాలతో రద్దు ముద్రలు మొదలుపెట్టింది. అవి ఎర్రటి గోధుమరంగులో ఉంటాయి. ఆ రంగును వాళ్లు గద్ద రెక్క రంగు అంటారు.

మన సికింద్రాబాద్‌లోనో, విజయవాడలోనో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఇలాంటిది పెడితే ప్యాడ్ ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను. స్టాంపుకు గొలుసు మాత్రం తప్పదు.

ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే కొండబీడు ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు అక్కడ మారుమూల ఉన్న క్రాన్‌మియర్ మడుగు దగ్గర, అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ కార్డు వదిలి వెళ్లడానికి ఒక సీసా పెట్టాడు. తర్వాత్తర్వాత జనం తమ చిరునామాయే రాసుకున్న పోస్టుకార్డులు అందులో వదలడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవాడు వాటిని తీసుకెళ్లి పోస్టు చేయాలి. అక్కడినుంచి ఇది ఆటగా పాకి, బీడంతా పెట్టెలు, ప్రతి పెట్టెలో ఒక రబ్బరు స్టాంపు వెలిశాయి. పెట్టె వెతికి పట్టుకుని ఆ ముద్ర తమ పుస్తకంలో, తమ ముద్ర పెట్టె పుస్తకంలో కొట్టి వస్తారు.

అమెరికాలోని కొలరాడోలో లవ్‌లాండ్ అనే ఊరు ఉంది. పేరు చూసి ప్రేమికుల రోజుకు జనం తమ కార్డులను ఆ ఊరి పోస్టాఫీసు గుండా పంపించుకుంటారు. 1940ల నుంచీ అక్కడి స్వచ్ఛంద సేవకులు, ఎక్కువమంది పెద్దవయసువాళ్లు, వరసగా బల్లల ముందు కూర్చుని ఒక్కో కవరు మీదా చేత్తో ముద్ర కొడతారు. ముద్రలో బొమ్మతోపాటు ప్రతి ఏడాదీ కొత్త పద్యం ఉంటుంది. లక్షకు పైగా కవర్లు వచ్చే ఏళ్లున్నాయి.

ఎక్కడ కొట్టకూడదు?

కవరుకు కుడివైపు పైమూల తపాలా శాఖది. ప్రపంచ తపాలా సంఘం లెక్క ప్రకారం కుడి అంచు నుంచి 74 మిల్లీమీటర్లు, పై అంచు నుంచి 40 మిల్లీమీటర్లు బిళ్లకూ రద్దు ముద్రకూ వదిలేయాలి. తపాలా బిళ్ల మీద మన పిచ్చుక ముద్ర ఒక్క రెక్క పడినా అది వాడేసిన బిళ్లలా కనిపిస్తుంది, గుమాస్తా తిప్పికొడితే అడగడానికి లేదు. పోస్టుకార్డు చిరునామా వైపు కుడి సగం చిరునామాకే. పిన్‌కోడ్ గళ్ల మీద ఏ తీగా పాకించొద్దు. పోస్టాఫీసు తేదీ ముద్రను పోలిన స్టాంపు చేయించడం సరదా కిందికి రాదు, నేరం కిందికి వస్తుంది.

మిగతా అంతా మనదే. కవరు వెనకవైపు మొత్తం, ముందువైపు ఎడమ సగం, మూత అంచు. అంటించిన మూత మీద సగం, కవరు మీద సగం పడేట్టు ముద్ర కొడితే అందానికి అందం, ఎవరైనా తెరిచి మళ్లీ అంటించినా తెలిసిపోతుంది. మన పెద్దలు లక్క పెట్టి చేసిన పనే అది.

ముద్ర కోసమే పంపే ఉత్తరం

కొన్ని పోస్టాఫీసుల్లో ఆ ఊరి గుడో, కోటో ఉన్న బొమ్మ రద్దు ముద్రలుంటాయి. సొంత చిరునామా రాసి, బిళ్ల అంటించి, అడిగి కొట్టించుకోవచ్చు. హైదరాబాద్ ఆబిడ్స్ జీపీఓలో తపాలా బిళ్లల సేకర్తల కోసం ప్రత్యేక విభాగం ఉంది, అక్కడ అడిగితే వివరాలు చెబుతారు.

వీటన్నిట్లో దూరపుది అంటార్కిటికాలో ఉంది. మన దేశం 1984లో దక్షిణ గంగోత్రి కేంద్రంలో పోస్టాఫీసు తెరిచింది. ఆ కేంద్రం మంచులో కూరుకుపోయాక పోస్టాఫీసు మైత్రి కేంద్రానికి మారింది. 2024 ఏప్రిల్ 5న భారతి కేంద్రంలో ఇంకొకటి మొదలైంది. రెండూ గోవా తపాలా డివిజన్ కిందే. అక్కడ పరిశోధకులు తప్ప జనం లేరు. అయినా దేశంలోని సేకర్తలు పెంగ్విన్ బొమ్మలూ, మంచుకొండలూ స్టాంపు చేసిన కవర్లను తమ చిరునామాతోనే పంపిస్తారు. అవి పరిశోధక బృందంతో ఓడలో వెళ్లి, ముద్ర వేయించుకుని, గోవా మీదుగా తిరిగి వస్తాయి. ఈ రాకపోకలకు ఏడాది దాకా పడుతుంది కాబట్టి అద్దె ఇంట్లో ఉండేవాళ్లు కవరు మీద పుట్టింటి చిరునామా రాసుకోవడం మంచిది.